ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే



అంబాసిడర్, మారుతి 800 కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. అయినా కొన్ని కుటుంబాలకు ఇప్పటికీ అవే ఆధారము. పెళ్ళికైనా, ఆసుపత్రికైనా పిల్లలూ పెద్దలూ కలిసి ఎక్కేది వాటిలోనే. అటువంటి పాత బండిలో ఒకే ఫ్యూజు మళ్ళీ మళ్ళీ పోతుంటే ఏమి చేయాలో ఈ నెల తెలియజేయగోరుతున్నాము.

మొదట ఒక హెచ్చరిక. ఫ్యూజు నిలవడం లేదని 15 ఆంపియర్ల దాని స్థానములో 30 ఆంపియర్లది పెట్టేవారున్నారు. సిగరెట్ పెట్టెలోని వెండి కాగితము చుట్టేవారు, రాగి తీగ కట్టేవారు కూడా ఉన్నారు. దయచేసి ఈ పని ఎన్నడూ చేయకండి. ఫ్యూజు ఉన్నది వైరును కాపాడడానికే. అది కాలకపోతే వైరే కాలుతుంది. డాష్‌బోర్డు వెనుక వైరు పైతొడుగు కరిగి మంట పుడితే, లోపల కూర్చున్నవారికి దిగే వ్యవధి కూడా ఉండకపోవచ్చు. ఫ్యూజు పోవడము జబ్బు కాదు, జబ్బు ఉన్నదని చెప్పే గుర్తు మాత్రమే.

గనుక ముందుగా సరైన ఫ్యూజే ఉన్నదో లేదో చూడండి. పాత బండ్లలో గాజు గొట్టపు ఫ్యూజులుంటాయి, వాటిపై అంకె ఉంటుంది. తరువాతి బండ్లలోని ప్లాస్టిక్ ఫ్యూజులను రంగుతోనే గుర్తుపట్టవచ్చు: ఎరుపు 10, నీలము 15, పసుపు 20, ఆకుపచ్చ 30 ఆంపియర్లు. ఎక్కడ ఏది ఉండాలో బండితో వచ్చిన పుస్తకములోగాని, ఫ్యూజు పెట్టె మూతపైగాని ఉంటుంది.

తరువాత, ఫ్యూజు ఎప్పుడు పోతున్నదో గమనించండి. సగము జవాబు అక్కడే దొరుకుతుంది.

స్విచ్‌లన్నీ ఆపి ఉన్నా పెట్టగానే పోతే, దోషము స్విచ్‌కు ఇవతల, ఎప్పుడూ కరెంటు ఉండే వైరులో ఉన్నది. స్విచ్ వేసినప్పుడే పోతే, దోషము స్విచ్‌కు అవతల ఉన్నది. బ్రేకు తొక్కినప్పుడు పోతే బ్రేకు లైటు వైరును, రివర్సు గేరు వేసినప్పుడు పోతే రివర్సు లైటు వైరును చూడాలి. గుంతలలో కుదిపినప్పుడో, స్టీరింగు తిప్పినప్పుడో పోతే, తొడుగు అరిగిన వైరు బాడీకి తగులుతున్నదని అనుమానించాలి.

కొంతసేపు పనిచేసి పోతే, భారము ఎక్కువైనదన్నమాట. వైపరు మోటారు బిగుసుకుపోయి ఉండవచ్చు. లేదా ఎవరో పెద్ద బల్బులు వేయించి ఉండవచ్చు. లెక్క సులభమే: వాట్లను 12 వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 55 వాట్ల హెడ్‌లైటు బల్బులు రెండు కలిసి సుమారు 9 ఆంపియర్లు తీసుకుంటాయి. అక్కడ 100 వాట్లవి వేస్తే సుమారు 17 అవుతుంది. ఫ్యూజుతోపాటు వైరూ స్విచ్చూ కూడా వేడెక్కుతాయి. దీనికి మందు పెద్ద ఫ్యూజు కాదు, పాత వాట్ల బల్బే.

ఇక ఒక ఉపాయము. కారణము వెదకడానికి డజను ఫ్యూజులు తగలేయనక్కరలేదు. 12 వోల్టుల, 21 వాట్ల ఇండికేటరు బల్బు ఒకటి, హోల్డరుతో సహా తీసుకొని రెండు వైర్లు తగిలించండి. పోయిన ఫ్యూజు తీసి, ఆ చోటి రెండు కొనలకు ఈ వైర్లు కలపండి. షార్టు ఉన్నా దీని గుండా 2 ఆంపియర్లకు మించి పోదు. ఆ ఫ్యూజు కింద ఉన్న బల్బులు, హారన్, మోటారు, రేడియో అన్నిటినీ విడదీయండి. ఇప్పుడు తాళము, స్విచ్ వేసి చూడండి. బ్రేకు లైటయితే ఒకరిని పెడలు తొక్కమనండి. బల్బు నిండుగా వెలిగితే వైరు ఎక్కడో బాడీకి తగులుతున్నది. వైర్ల కట్టను కొంచెము కొంచెముగా కదుపుతూ వెళ్ళండి. ఎక్కడ కదిపినప్పుడు బల్బు ఆరిపోతుందో, దోషము ఆ దగ్గరలోనే. బల్బు అసలు వెలగకపోతే వైరు బాగున్నట్లే. సరైన ఫ్యూజు పెట్టి, విడదీసిన వాటిని ఒక్కొక్కటిగా కలపండి. ఏది కలిపినప్పుడు ఫ్యూజు పోతే దానిలోనే దోషము.

పాత బండ్లలో ముందు చూడవలసిన చోట్లు కొన్ని ఉన్నాయి: వైరు రేకు రంధ్రము గుండా వెళ్ళే చోట రబ్బరు ఊడిపోవడము, డిక్కీ మూత కీలు దగ్గర, సైలెన్సరు గొట్టము పక్కన, కార్పెట్ కింద సీటు బోల్టుల దగ్గర, నీరు దిగి తుప్పుపట్టిన వెనుక లైటు హోల్డరు, తరువాత అమర్చిన స్టీరియో దగ్గర టేపు చుట్టిన అతుకులు. బండి చాలా రోజులు కదలకపోతే ఎలుకలు కొరికాయేమో కూడా చూడండి.

దోషము దొరికాక బ్యాటరీ ఎర్తు వైరు విప్పి, చెడిన ముక్క తీసి, అంతే లావు వైరు వేయించండి. స్లీవు తొడిగించి, రంధ్రానికి కొత్త రబ్బరు పెట్టించండి. ఉత్త టేపు ఎండకు జిగురు వదిలి ఊడిపోతుంది. గ్యాసు కిట్టు ఉన్న బండిలో గ్యాసు వాసన వస్తుంటే ఈ పరీక్షలేవీ చేయక మెకానిక్‌ను పిలిపించండి.

దారిలో ఫ్యూజు పోతే అదే అంకె గల ఫ్యూజును ఒక్కసారి మాత్రమే మార్చండి. చేతిలో లేకపోతే అదే అంకెదైతే రేడియో ఫ్యూజు తీసి పెట్టుకోవచ్చు. అదీ పోతే ఇక ప్రయత్నించకండి. రాత్రివేళ హెడ్‌లైటు లేకుండా ముందుకు సాగకండి. కాలిన వాసన వస్తే బండి పక్కకు ఆపి, తాళము తీసి, ముందు అందరినీ దింపి దూరముగా పంపండి. పొగ లేకపోతేనే బ్యాటరీ వైరు విప్పండి.

పది రూపాయల ఫ్యూజు పోయినందుకు విసుగుకోకండి. అది పోయింది గనుకనే బండీ, బండిలోనివారూ క్షేమముగా ఉన్నారు.