చెన్నపట్టణమును చూపుట ఎట్లు?

ప్రతి సంవత్సరమును అర్ధసంవత్సర పరీక్షలు సమీపించునప్పటికి మన పాఠశాలలో వినోదయాత్ర ప్రస్తావన వచ్చును. వచ్చినంతనే పిల్లలందరి నోటను ఒకటే మాట, చెన్నపట్టణము. హోసూరు, కృష్ణగిరి ప్రాంతములనుండి ఆ నగరము 250 మొదలు 300 కిలోమీటర్ల దూరమున నున్నది. మన పిల్లలలో పెక్కండ్రు సముద్రమును భూగోళ పటమునందలి నీలిరంగుగానే యెరుగుదురు. వానకాలమున కెలవరపల్లి జలాశయము నిండినప్పుడు కనబడునదే వారు చూచిన పెద్ద నీరు. అట్టివారికి ఒక మహానగరమును మొదటిసారి చూపుట చిన్న పని కాదు. ఆ పనిని ఇంతవరకు మేము సరిగా చేయలేదని ఒప్పుకొనుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

కడపటి యాత్రలో మేము ఒక్క దినమున పదకొండు స్థలములు చూపితిమి. చూపితిమి అనుటకన్న వాటి ముందు బస్సు నిలిపితిమి అనుట సత్యము. తిరిగి వచ్చిన పిదప పిల్లలను యాత్రావర్ణనము వ్రాయుమంటిమి. తొమ్మిదవ తరగతి బాలిక యొకతె నాలుగు పుటలు వ్రాసినది. అందు మూడు పుటలు బస్సు కిటికీలోనుండి కనబడిన సంగతులే. సముద్రమును గూర్చి మాత్రము, అచట ఇరువది నిమిషములు ఉంటిమనియు, అందు పది నిమిషములు మాస్టర్లు మమ్ములను లెక్కపెట్టుటకే సరిపోయెననియు వ్రాసినది. చదివి మొదట నవ్వితిమి. తరువాత నవ్వు రాలేదు.

తల్లిదండ్రులు ఇచ్చిన రూకలకు తగినన్ని స్థలములు చూపవలెనను తొందరయే ఇందులకు కారణము. ఎన్ని చూచితిరని ఇంటివద్ద అడుగుదురు గాని ఏమి చూచితిరని అడుగువారు తక్కువ. మా యభిప్రాయము వేరు. మొదటిసారి పోవువారికి ఒక దినమునకు మూడు స్థలములు చాలును. సముద్రతీరము, కోట, ఎగ్మూరులోని చిత్రవస్తు ప్రదర్శనశాల. తక్కినవి వారు పెద్దవారై తమంతట తాము చూచుకొందురు.

సముద్రమును తెల్లవారుజామున చూపవలెను. రాత్రి బయలుదేరిన బస్సు వేకువకు ముందే నగరము చేరును గనుక ఇది కష్టము కాదు. మన కొండలలో సూర్యుడు కొండ వెనుకనుండి వచ్చును. మెరీనా తీరమున నీటిలోనుండి వచ్చును. ఆ యొక్క దృశ్యమునకై ఒక గంట మౌనముగా కూర్చుండనిచ్చినను నష్టము లేదు. నందికొండలలో పుట్టి మన హోసూరు ప్రక్కగా పోవు దక్షిణ పినాకిని కడలూరు వద్ద కలియుట ఈ సముద్రముననే యని చెప్పినచో ఆ నీరు వారికి పరాయిది కాకుండపోవును.

ఆ తీరము సుమారు 6 కిలోమీటర్ల పొడవు గలది. అంత వెడల్పయిన ఇసుక అనాదిగా అచట ఉన్నది కాదు. పందొమ్మిదవ శతాబ్దము చివర రేవునకు రాతి కట్టలు సముద్రములోనికి కట్టిరి. ఆ తీరమున అలలు ఇసుకను సంవత్సరములో హెచ్చుకాలము దక్షిణమునుండి ఉత్తరమునకు నెట్టుకొనిపోవును. కట్ట అడ్డుపడుటచే ఇసుక దక్షిణమున చేరి మెరీనా పెరిగినది. ఉత్తరమున రాయపురము, తిరువొత్తియూరు వైపు ఇసుక అందక సముద్రము ఊళ్లను కోయ నారంభించినది. ఒకచోట మనుష్యుడు కట్టిన కట్ట మరియొకచోట బెస్తవాని ఇల్లు తీసికొనిపోవునని ఏ పాఠ్యపుస్తకము ఇంత స్పష్టముగా చెప్పగలదు? పిల్లలు అక్కడ నిలిచి రెండు ప్రక్కలకు చూచిన చాలును.

నీటిలో దిగుటను గూర్చి మాత్రము మేము కఠినముగా ఉందుము. మెరీనా వద్ద లోపలి ప్రవాహము బలమైనది. ఈత వచ్చినవారిని సైతము లాగుకొనిపోయినది. చీలమండ దాటి ఎవ్వరును పోరాదు. 2004 డిసెంబరు 26వ తేదీ ఉదయము సునామీ వచ్చినప్పుడు ఈ తీరముననే నడకకు వచ్చినవారును, బెస్తవారును ప్రాణములు కోల్పోయిరి. సముద్రము అకస్మాత్తుగా వెనుకకు తగ్గినచో గవ్వలేరుటకు పోక మెట్టకు పరుగెత్తవలెనను సంగతిని అచ్చటనే చెప్పవలెను. తీరమున కార్మికుల శిల్పమొకటి కలదు. బండను దొరలించు నలుగురు మనుష్యులు, దేవీప్రసాద్ రాయ్ చౌదరి కృతి, 1959 నాటిది. రాళ్ల గనులలో పనిచేయువారి పిల్లలు మన పాఠశాలలో ఉన్నారు. వారికి ఆ శిల్పమును వివరింప నక్కరలేదు.

కోటకు వత్తము. 1639 ఆగష్టు 22న దామెర్ల వేంకటప్ప నాయకుడు ఈస్టిండియా కుంఫిణీవారికి ఈ తీరమున కొంత నేల ఇచ్చెను. మరుసటి సంవత్సరమున కోట లేచినది. నాయకుని తండ్రి చెన్నప్ప పేరనే చెన్నపట్టణమను పేరు వచ్చినదని చరిత్రకారులు పెక్కండ్రు చెప్పుదురు. 1996లో నగరమునకు చెన్నై యను పేరు అధికారికముగా నిలిచినప్పుడు నిలిచినది ఆ పేరే. ఈ మాట చెప్పగానే మన పిల్లల ముఖములు వికసించును. మీసము మెలివేయువారును కలరు. అచట కొంచెము ఆగవలెను. ఏలయన, ఆ కోటలోనే నేటికిని తమిళనాడు శాసనసభ కూర్చుండును. అన్ని పాఠశాలలలో తమిళము విధిగా నేర్పవలెనను 2006 నాటి చట్టము చేసినది ఆ సభయే. మన పిల్లల పలకమీది అక్షరములను గూర్చి నిర్ణయించు చోటు అది. అట్టి చోటిని చూచుట వినోదము మాత్రము కాదు.

ఇక్కడ తల్లిదండ్రులలో రెండు పక్షములు కలవు. మైలాపూరులో పొట్టి శ్రీరాములుగారు 1952 అక్టోబరు 19 మొదలు 58 దినములు నిరాహారులై డిసెంబరు 15న ప్రాణము విడిచిన యింటిని పిల్లలకు చూపవలెనని కొందరు అందురు. చూపినచో పాత కలహములు రేగును, మనము ఇచట బ్రదుకవలసినవారము, వలదని మరికొందరు అందురు. మేము చూపవలెననియే అందుము. కాని సగము కథతో తిరిగి రాకూడదు. ఆంధ్రరాష్ట్రము 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఏర్పడినది. చెన్నపట్టణము అందు చేరలేదు. ఆ నగరముననే నిలిచిపోయిన తెలుగువారును, హోసూరు సీమలో నిలిచిపోయిన మనమును ఆ కథలో ఏ వైపునను పూర్తిగా చేరనివారము. నగరము మాది యని కోపగించుటయు, మేము ఇచట అతిథులమని తల వంచుటయు, రెండును మాకు నచ్చవు.

అదే నగరమున జరిగిన మరియొక సంగతి మన పిల్లలకు ఇంకను హెచ్చు అవసరము. కుంఫిణీ యుద్యోగులకు దేశభాషలు నేర్పుటకై 1812లో కోట పేరుతో ఒక కళాశాల నెలకొన్నది. 1816లో అచ్చయిన కాంబెల్ దొర తెలుగు వ్యాకరణమునకు ఎల్లిస్ దొర ఒక ప్రస్తావన వ్రాసి, తెలుగు, తమిళము, కన్నడము ఒకే కుటుంబపు భాషలని నిరూపించెను. ఇంట తెలుగును, బజారున తమిళమును, సంతలో కన్నడమును మాటలాడు మన పిల్లవానికి ఆ సంగతి వినకయే తెలియును! బాలవ్యాకరణకర్త చిన్నయసూరి పుట్టినదియు తమిళదేశమునందలి పెరుంబూదూరుననే. ఆయన పాఠములు చెప్పినది చెన్నపట్టణముననే.

ఎగ్మూరు ప్రదర్శనశాల 1851లో స్థాపింపబడినది. అచటి అమరావతి శిల్పములు గుంటూరు సీమనుండి వచ్చినవి. 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించిన పలకలలో చాల భాగము తరువాత లండను చేరగా, కొన్ని ఇచట మిగిలినవి. రెండువేల యేండ్ల క్రిందటి తెలుగునేల మనుష్యుల తలపాగలు, నగలు, ఎడ్లబండ్లు ఆ సున్నపురాతిలో కలవు. పిల్లలు ఒక్క పలక యెదుట పావుగంట కూర్చుండి చూచినది చూచినట్లు గీయవలెనని మా కోరిక. కంచు విగ్రహముల శాలలో తిరువాలంగాడు నటరాజును చూచిన చాలును. తక్కిన వందలను ఒక చూపున దాటవచ్చును. చచ్చిన తిమింగలపు ఎముకలవద్దకు వారు చెప్పకయే పరుగెత్తుదురు, ఆపరాదు. శుక్రవారమున ఈ శాల మూయబడియుండును. మేము ఒకసారి ఈ సంగతి తెలియక గేటువరకు పోయి, పిల్లలకు పల్లీలు కొనియిచ్చి వెనుదిరిగితిమి.

మిగిలిన సమయమున వ్యాపారసౌధములకు తీసికొనిపొమ్మని పిల్లలు అడుగుదురు. అట్టివి బెంగుళూరున హోసూరుకు గంట దూరముననే కలవు. దానికి బదులు సెంట్రలునుండి ఎగ్మూరుకు మెట్రో రైలులో పోవుట మేలు. నేల క్రింది ఆ ప్రయాణము కొద్ది నిమిషములదే యైనను వారు నెలల తరబడి చెప్పుకొందురు.

ఇక అమ్మాయిల విషయము. కడపటి యాత్రకు ఎనిమిది, తొమ్మిది తరగతులనుండి బాలురందరును వచ్చిరి. బాలికలలో సగము మంది రాలేదు. రాత్రి ప్రయాణమని కొందరు తల్లులు, ఖర్చని కొందరు తండ్రులు వెనుదీసిరి. అన్నకు ఇచ్చిన రూకలు చెల్లెలికి లేకపోవుట ఎట్లో మాకు బోధపడలేదు. ఇద్దరు ఉపాధ్యాయినులు వెంట వత్తురు. స్థలములు మూడేయైనందున ప్రవేశరుసుములును తగ్గును. ఆ మిగులుతో, ఇచ్చుకొనలేని యిండ్ల పిల్లలను సైతము తీసికొనిపోవుదుము. పేర్లు మాత్రము ప్రకటింపము.

నాలుగు పుటలు వ్రాసిన ఆ బాలిక ఈ సంవత్సరము పదవ తరగతి. పదవ తరగతివారిని యాత్రకు తీసికొనిపోవు ఆచారము మనకు లేదు. ఈమారు ఆ యాచారమును మార్చితిమి. ఆమె తండ్రి ఇంకను సంతకము చేయలేదు. ఆయన ఈ పత్రికను చదువుదురని ఎరిగియే వ్రాయుచున్నాము.