ఈ అంగి ఏ ఊరిది?

2025 దీపావళి సెలవుల తరువాత పాఠశాల తెరచిన మొదటి వారమున ఎనిమిదవ తరగతి బాలుడొకడు మా యొద్దకు వచ్చి నిలిచెను. వాని చేతిలో మడచిన పసుపుపచ్చని అంగి యొకటి ఉండెను. అది హైదరాబాదు ఫుట్‌బాలు క్లబ్బు వారి అంగి. ఎండాకాలపు సెలవులలో మేనమామ యింటికి పోయినప్పుడు కొనిపించుకొన్నాడట. "సార్, మా టీము ఢిల్లీకి పోయిందట. పేరు గూడ మార్చిండ్రట. ఇగ ఈ అంగి ఏ ఊరిది?" అని అడిగెను. ప్రక్కనున్న పిల్లలు నవ్విరి. మాకు నవ్వు రాలేదు. ఇన్నియేండ్లుగా షష్ఠీ విభక్తిని బోధించుచున్న మాకు, "యొక్క" అను చిన్న మాటలో ఇంత చిక్కు ఉన్నదని ఆనాడే తోచెను. ఆ బాలునకు వెంటనే ఉత్తరము చెప్పలేకపోతిమి. ఇప్పుడు చెప్పుటకు యత్నించుచున్నాము.

తల్లిదండ్రులలో కొందరు, "పాఠశాల పత్రికలో బంతియాట గొడవ యెందుకు?" అని అడుగవచ్చును. ఇది కేవలము ఆట గొడవ కాదు. వేలమంది ప్రేమించు వస్తువు ఒక్కని పేర కాగితములలో నుండి, ఆ ఒక్కడు అప్పులపాలైనచో, ప్రేమించిన వేలమంది గతి యేమి? ఇదియే ఇచ్చటి ప్రశ్న. గిరణీ మూతపడిన దినమున ద్వారము వెలుపల నిలిచిన కుటుంబములు మన షోలాపురమున ఎన్నో కలవు. వారికి ఈ ప్రశ్న క్రొత్తది కాదు.

మొదట దూరదేశపు కథ నొకదానిని చెప్పెదము. ఇంగ్లండులో మాంచెస్టరునకు ఉత్తరమున బరీ అను పట్టణము కలదు. మగ్గముపై చేతితో విసరు నాడెకు బదులుగా త్రాడు లాగిన మాత్రమున పరుగెత్తు నాడెను కనిపెట్టిన జాన్ కే 1704లో ఆ ఊరి సమీపముననే జన్మించెను. మన యిండ్లలో సాంచెల చప్పుడు వినుచు పెరిగిన పిల్లలకు ఆ ఊరు పరాయిది కాదని చెప్పుటకే ఈ మాట వ్రాసితిమి. ఆ నేతపట్టణమున 1885లో ఒక ఫుట్‌బాలు క్లబ్బు వెలసెను. 1894లో అది ఇంగ్లండు ఫుట్‌బాలు లీగులో చేరెను. 1900లోను, 1903లోను ఎఫ్.ఏ. కప్పును గెలుచుకొనెను. 1903 నాటి తుది పోటీలో డెర్బీ కౌంటీని ఆరు సున్నాలతో ఓడించెను. అటుపిమ్మట నూరేండ్లకు పైగా ఆ క్లబ్బు గొప్ప విజయము లేవియు ఎరుగదు. అయినను తాతలు మనుమలను వెంటబెట్టుకొని గిగ్ లేన్ అను ఆ పాత మైదానమునకు పోవుట మానలేదు.

ఇటీవలి కాలమున ఆ క్లబ్బు తన రాబడికి మించి ఆటగాండ్రకు జీతము లిచ్చుట మొదలుపెట్టెను. లోటు పూడ్చుటకు అప్పు తెచ్చిరి. మైదానమును సైతము తాకట్టు పెట్టిరి. అప్పు చేసి పప్పుకూడు తినినవాని కథ ఎట్లు ముగియునో మన పెద్దలకు తెలియును. 2018 డిసెంబరులో ఆ క్లబ్బు ఒకే ఒక్క పౌనుకు స్టీవ్ డేల్ అను వ్యాపారికి అమ్ముడుపోయెను. బరీలో ఫుట్‌బాలు క్లబ్బు ఒకటి ఉన్నదని కూడ తాను ముందు ఎరుగనని ఆయన తరువాత బహిరంగముగా చెప్పెను. నూటముప్పదేండ్ల చరిత్ర గల సంస్థ, దాని ఉనికినే ఎరుగని వాని చేతికి, ఒక పౌనుకు వచ్చినది. చట్టప్రకారము అందులో దోషము లేదు. వింత యేమనగా, జీతములు సరిగా అందని ఆ ఆటగాండ్రే 2019 వసంతమున జట్టును పై శ్రేణికి చేర్చిరి. ఇల్లలుకగానే పండుగ కాలేదు. క్రొత్త శ్రేణిలో వారు ఒక్క పోటీయైన ఆడలేదు. డబ్బు చూపుమని లీగువారు గడువు పెట్టి, దానిని పొడిగించి, తుదకు 2019 ఆగస్టు 27న ఆ క్లబ్బును లీగునుండి వెలివేసిరి. నూటఇరువదియైదేండ్ల సభ్యత్వము ఒక సాయంకాలమున ముగిసెను.

ఆనాటి ఉదయము జరిగిన దానిని విద్యార్థులు గుర్తుంచుకొనవలెను. ఎవరో కొనువారు వచ్చెదరనియు, ఆ వారాంతమున ఆట జరుగుననియు ఆశపడి, వందలకొలది అభిమానులు చీపుళ్లు, బకెట్లు పట్టుకొని మైదానమును శుభ్రము చేయుటకు వచ్చిరి. మాజీ డైరెక్టరు ఒకామె అంతకు ముందే ఆ భవనపు గొట్టమునకు తన్ను తాను సంకెలతో బంధించుకొనెను. కాని ఆ మధ్యాహ్నమే కొనువారు వెనుదీసిరి. కుర్చీలు తుడిచిన వారికి ఆ కుర్చీలపై హక్కు లేదు. లెక్కలు చూచుటకు వారి నెవ్వరును పిలువలేదు. సొమ్మొకడిది, సోకొకడిది అందురు. ఇచ్చట సొమ్మును, చెమటయు అభిమానులవి. సంతకము మాత్రము ఇంకొకరిది.

క్లబ్బు ప్రయివేటు ఆస్తి గదా, నష్టము భరించువాడు యజమాని గదా, చూచి చప్పట్లు కొట్టువానికి హక్కెక్కడిది అని కొందరు వాదింతురు. ఈ వాదమును త్రోసిపుచ్చుట తగదు. జేబులోని ధనము పోసి దశాబ్దములు క్లబ్బులను నిలిపిన యజమానులు ఎందరో కలరు. కాని ఒక భేదము గమనింపుడు. మనము కొను టవలు బాగుండనిచో మరియొక దుకాణమునకు పోదుము. క్లబ్బు అట్టిది కాదు. బరీ వాడు బరీ జట్టు మూతపడినదని మరునాడు పొరుగూరి జట్టును కొలువడు. విడిచిపోలేని వానిపై చేయు వ్యాపారమునకు సామాన్య వ్యాపార ధర్మము చాలదు. అందుచేతనే అట్టి సంస్థ విషయమున యజమానికి ఆస్తిహక్కుతో పాటు ధర్మకర్త బాధ్యతయు ఉండవలెనని మా అభిప్రాయము. గుడి తాళపుచెవి పూజారి యొద్ద నుండవచ్చును. గుడిమాన్యమును తాకట్టు పెట్టు అధికారము ఆయనకు లేదు.

అట్లని అభిమానులు నిర్దోషులని మేము చెప్పజాలము. జట్టు ఓడినప్పుడెల్ల "క్రొత్త ఆటగాని కొనుడు, ధనము వెదజల్లుడు" అని కేకలు వేసినది వారే. గెలిచిన దినములలో పద్దుల నడిగిన వారు అరుదు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట లోకమున అంతటను ఉన్నదే.

కాని బరీ అభిమానులు ఆకులు పట్టుకొని ఊరకుండలేదు. వారిలో కొందరు అభిమానులదే యైన క్రొత్త క్లబ్బును స్థాపించి, 2020లో అట్టడుగు శ్రేణులలో పొరుగు మైదానమున ఆట ప్రారంభించిరి. మరికొందరు పాత మైదానమునే విడిపింపవలెనని పట్టుపట్టిరి. ఒక దాత సాయముతోను, ప్రభుత్వ మిచ్చిన పదిలక్షల పౌనులతోను, 2022 ఫిబ్రవరిలో గిగ్ లేన్ వారి వశమైనది. అప్పుడు క్రొత్త కష్టము పుట్టెను. రెండు వర్గములు కలియవలెను; 2022లో జరిగిన ఓటింగులో కావలసినంత ఆధిక్యము రాలేదు. మంచి కోరు వారిలోనే ఇంత భేదమా యని నిరాశపడదగిన సమయమది. వారు మరల మాటలాడుకొని 2023లో మరల ఓటు వేసి కలిసిరి. ఆ యేడు గిగ్ లేన్‌లో బంతి మరల దొరలెను. శ్రేణి చాల క్రిందిది. కాని తాళపుచెవి వారిది.

అభిమానుల యాజమాన్యమే సర్వరోగ నివారిణి యని కూడ మేమనము. పోర్ట్స్‌మత్ క్లబ్బు 2008లో ఎఫ్.ఏ. కప్పు గెలిచి, రెండేండ్లకే దివాలా స్థితికి వచ్చెను. 2013లో రెండువేలకు పైగా అభిమానులు ఒక్కొక్కరు వేయి పౌనుల వాటా చొప్పున పెట్టి దానిని కొని, అప్పులు తీర్చిరి. పైకి పోవుటకు తమ శక్తి చాలదని తలచి, 2017లో ఓటు వేసి తామే ఒక ధనికునకు అమ్మిరి. అమ్ముటయా, ఉంచుకొనుటయా అన్నది రెండవ మాట. నిర్ణయము తమ చేతిలో నుండుట మొదటి మాట. జర్మనీలో 1998 నుండి ఒక నియమము కలదు. ధనికులు పెట్టుబడి పెట్టవచ్చును గాని, కొన్ని మినహాయింపులు తప్ప, ఓట్లలో సగమునకు మించినది క్లబ్బు సభ్యుల వద్దనే ఉండవలెను. ఇంగ్లండులోను 2025 జూలైలో ఫుట్‌బాలు పాలనకు చట్టము వచ్చెను. యజమానుల యోగ్యతను, ధనస్థితిని పరిశీలించుటకు స్వతంత్ర సంస్థ నొకదానిని ఆ చట్టము ఏర్పరచెను. బరీ కన్నీరు ఆ చట్టమునకు ఒక కారణము.

ఇక మన యింటి కథకు వత్తము. హైదరాబాదునకు ఫుట్‌బాలు నిన్న మొన్నటిది కాదు. 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు రోవర్స్ కప్పు గెలిచినది హైదరాబాదు సిటీ పోలీసు జట్టు. దానిని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం గారే 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో భారతజట్టును నాల్గవ స్థానమున నిలిపి, 1962 జకార్తా ఏషియా క్రీడలలో స్వర్ణపతకము తెప్పించిరి. అట్టి నగరమున 2019లో హైదరాబాదు క్లబ్బు పుట్టెను. ఇండియన్ సూపర్ లీగులో తొలియేట చిట్టచివర నిలిచెను. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్సును పెనాల్టీలపై ఓడించి కప్పు గెలిచెను. రెండేండ్లు తిరుగకముందే జీతములు అందక ఆటగాండ్రు ఒక్కరొక్కరే విడిచిపోయిరి. 2023–24లో జట్టు మరల చిట్టచివర నిలిచెను. 2024లో యాజమాన్యము మారెను. 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చుకొనెను. గచ్చిబౌలి మెట్లపై గొంతు చించుకొని అరచిన వారిని ఒక్కమాట అడుగుటకు ఏ నియమమును లేదు.

ఇచ్చట మన మనస్సాక్షిని మనము ప్రశ్నించుకొనవలెను. 2019లో హైదరాబాదునకు ఆ లీగులో చోటెట్లు దొరకెను? పూణె క్లబ్బు ధనము చాలక మూతపడినందున దొరకెను. పూణెకును హైదరాబాదునకును నడిమి దారిలో నున్న ఊరు మనది. అయిదేండ్లు పూణె జట్టును కొలిచిన పిల్లలు ఆనాడు తమ అంగిని చేతబట్టుకొని ఇదే ప్రశ్న అడిగియుందురు. మనమా, "మనకు జట్టు వచ్చినది" అని సంతోషించితిమి. ఆ సంతోషములో వారి దుఃఖము మనకు వినబడలేదు. ఈనాడు ఢిల్లీ బాలుడు సంతోషించుచున్నచో వానిపై మనకు కోపము తగదు. తప్పు వానిది కాదు. ఊళ్లను మజిలీలుగ చూచు ఏర్పాటుది. మన దేశమునను క్లబ్బు ఊరు మారునప్పుడు అభిమానుల సమ్మతిని అడుగు నియమము, జీతములు ఎగవేయువారికి యాజమాన్యము దక్కకుండు నియమము రావలెను.

తల్లిదండ్రులకు ఒక విన్నపము. పిల్లవాడు జట్టు పోయినదని దిగులుపడినచో "పనికిమాలిన ఏడుపు" అని గదుమకుడు. తనకు కానిదానిపై ప్రేమ నిలుపుట మనుష్యుడు నేర్చు మంచి గుణములలో ఒకటి. ఆ ప్రేమకు లెక్క అడుగుట నేర్పుడు, అది చాలును.

విద్యార్థులారా! లెక్క అడుగుటకు పౌనులు అక్కరలేదు. మన వాలీబాలు జట్టుకు మీరు చందా లిచ్చుచున్నారు. వల యెంతకు కొంటిరి, బంతి యెంతకు కొంటిరి, మిగిలినదెంత అని అడిగినవారు ఇంతవరకు మీలో లేరు. చెప్పినవారు మాలోను లేరు. ఆ తప్పులో మా పాలు ఎక్కువ. ఇకపై నెలకొకమారు ఆ జమాఖర్చును విద్యార్థులే వ్రాసి ప్రకటన ఫలకముపై అంటింపవలెనని మేము కోరుచున్నాము. చిన్న పద్దును చూచుట నేర్చినవాడే రేపు పెద్ద పద్దును చూడగలడు.

ఆ బాలునకు మా ఉత్తరమిది. నాయనా, నీ అంగి కొన్న ధనము కంపెనీది. క్లబ్బు పేరు కాగితములది. కాని గోవాలో ఆ రాత్రి గెలిచిన ఆనందము హైదరాబాదుది, దానితోపాటు నీది. దానిని అమ్ముటకు ఎవరికిని పత్రము లేదు. అంగిని పారవేయకుము. పెట్టెలో దాచి యుంచుము. ఎప్పుడైన ఆ నగరమున నలుగురు కూడి తమ లెక్క తాము చూచుకొను జట్టు నొకదానిని నిలిపినచో, ఆనాడు దానిని తొడుగుకొని పొమ్ము. పొట్టి అయినచో నీ తమ్మునికి తొడుగుము.