కోర్టు నుండి రంగస్థలానికి: బళ్ళారి రాఘవ



ఢిల్లీ మెట్రోలో రాకపోకలు సాగించే మన ఉద్యోగులకు మండీ హౌస్ స్టేషన్ కొత్త కాదు. ఆ కూడలి చుట్టూ కమానీ ఆడిటోరియం, శ్రీరామ్ సెంటర్ ఉన్నాయి. కొద్ది దూరంలో జాతీయ నాటక విద్యాలయం ఉన్నది. ఫిరోజ్‌షా రోడ్డు మీది రవీంద్ర భవన్‌లో సంగీత నాటక అకాడమీ కార్యాలయం ఉన్నది. 1953లో ఆ అకాడమీ ఏర్పడినప్పుడు దాని తొలి అధ్యక్షపదవిని అలంకరించినది ఒక తెలుగువాడని మనలో ఎందరికి తెలుసు? ఆయన పాకాల వేంకట రాజమన్నారు. అప్పటికి మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి. అంతటి న్యాయమూర్తి తెలుగులో నాటకకర్త కూడా. ఆయన రచించిన 'తప్పెవరిది' అనే సాంఘిక నాటకాన్ని రంగస్థలం మీద నిలబెట్టిన నటుడు మరొక న్యాయవాది. ఆయనే బళ్ళారి రాఘవ. ఈ నెల మన శీర్షికలో ఆ మహానటుని జీవితాన్ని స్మరించుకొందాం.

అసలు పేరు తాడిపత్రి రాఘవాచార్యులు. 1880 ఆగస్టు 2వ తేదీన అనంతపురం జిల్లా తాడిపత్రిలో జన్మించారు. అదే 1880లో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు 'వ్యవహార ధర్మబోధిని' అనే నాటకాన్ని ప్రదర్శింపజేశారు. ఆధునిక తెలుగు నాటక ప్రదర్శనకు దానినే నాందిగా చెపుతారు. వకీళ్ళ అక్రమాలను ఎండగట్టిన నాటకమది. వకీళ్ళను వెక్కిరిస్తూ తెలుగు నాటకం కళ్ళు తెరచిన సంవత్సరంలోనే, ఆ నాటకానికి గౌరవం తేబోయే వకీలు పుట్టడం విచిత్రమైన సంగతి.

బళ్ళారి అప్పట్లో మద్రాసు రాష్ట్రంలోని పట్టణం. తెలుగు, కన్నడం ఇంటింటా కలిసి వినిపించే చోటు. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు అది మైసూరు రాష్ట్రంలో చేరింది. తెలుగు నాటకానికి ఆ ఊరు చేసిన సేవ సామాన్యమైనది కాదు. 'ఆంధ్ర నాటక పితామహుడు' అనిపించుకొన్న ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారు అక్కడ సరసవినోదినీ సభను నడిపారు. ఆయన రాఘవకు స్వయానా మేనమామ. చారిత్రక నాటకాలకు పేరుపడిన కోలాచలం శ్రీనివాసరావుగారు సుమనోరమ సభను నడిపారు. వీరిద్దరూ కోర్టుకు వెళ్ళి వాదించే ప్లీడర్లే కావడం గమనింపదగినది. పగలు కక్షిదారుల కాగితాలు, సాయంకాలం నాటకపు ప్రతులు. రాఘవ పెరిగిన వాతావరణం ఇది.

రాఘవ మద్రాసులో న్యాయశాస్త్రం చదివి, బళ్ళారిలో వకీలుగా స్థిరపడ్డారు. క్రిమినల్ కేసులలో దిట్ట అని పేరు తెచ్చుకొన్నారు. పబ్లిక్ ప్రాసిక్యూటరుగా పనిచేశారు. రావుబహదూర్ బిరుదు పొందారు. అనగా నాటకం తప్ప వేరొక దారి లేక నాటకాలలోకి వచ్చినవారు కారు. నాటకం ఆయనకు భుక్తి మార్గమూ కాదు. చేతినిండా పని ఉన్న మనిషి. అటువంటి మనిషి తెలుగు, కన్నడ, హిందీ, ఇంగ్లీషు భాషలలో వేషాలు కట్టారు. మేనమామగారి 'ప్రహ్లాద' నాటకంలో హిరణ్యకశిపుడు, కోలాచలంవారి 'రామరాజు'లో పఠాన్ రుస్తుం, 'చంద్రగుప్త'లో చాణక్యుడు ఆయనకు కీర్తి తెచ్చిన పాత్రలు. షేక్స్‌పియరు పాత్రలను ఇంగ్లీషులోనే ప్రదర్శించారు. 1927లో మహాత్మాగాంధీ నంది కొండలలో విశ్రాంతి తీసుకొంటున్న రోజులలో, రాఘవ హిందీలో ఆడిన 'దీనబంధు కబీర్' నాటకాన్ని చూశారు. మరుసటి సంవత్సరం రాఘవ ఇంగ్లండు వెళ్ళి అక్కడి నాటకశాలలను పరిశీలించారు. డబ్లిన్ నగరంలో పుట్టి నోబెల్ బహుమతి అందుకొన్న నాటకకర్త జార్జ్ బెర్నార్డ్ షాను లండన్‌లో కలుసుకొన్నారు.

మన సభలలో రాఘవను గూర్చి మాట్లాడే వక్తలు సాధారణంగా ఇక్కడికి వచ్చి ఆగిపోతారు. గాంధీజీ మెచ్చారు, షా మెచ్చారు, చప్పట్లు. పెద్దల మెప్పు గొప్పదే. కాని మెప్పును మాత్రమే జ్ఞాపకం పెట్టుకొంటే, మెప్పుకు కారణమైన పనిని మరచిపోయే ప్రమాదం ఉన్నది. ఇంజనీరుగా నా అనుభవం చెపుతాను. యంత్రం ప్రారంభోత్సవం నాటి ఫోటో అందరి గోడల మీదా ఉంటుంది. దాని కింద పునాది ఎంత లోతున వేశారో ఎవరూ అడగరు. కనుక ఆ పునాదిని కొంచెం తవ్వి చూద్దాం.

ఆ రోజులలో నాటకమంటే పద్యం. నటుడు మరణశయ్య మీద ఉన్నా సరే, పద్యం అందుకొని రాగం తీయాలి. ప్రేక్షకులు 'వన్స్ మోర్' అని కేకలు వేస్తే, పోతున్న ప్రాణం తిరిగి వచ్చి అదే పద్యాన్ని మరల పాడవలసినదే. ఈ ముచ్చట మన తాతల ద్వారా మనమంతా విన్నదే. ఆ పద్యాలలో సంగీతం ఉన్నది, జనానికి ఆనందం ఉన్నది, కాదనను. కాని సందర్భం నీరుగారిపోయేది. రాఘవ ఈ ప్రవాహానికి ఎదురీదారు. రాగాలు సాగదీయడం తగ్గించి, మాటలోని భావానికి, ముఖంలోని మార్పుకు, మౌనానికి పెద్దపీట వేశారు. చప్పట్లు తప్పక పడే చోటును తెలిసి తెలిసి వదులుకోవడం నటుడికి చిన్న త్యాగమా?

రెండవది, స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలన్న పట్టుదల. సురభి కుటుంబాల నాటక సమాజాలలో ఆడవారు మొదటినుండీ నటిస్తూనే ఉన్నారు. కాని చదువుకొన్నవారు నడిపే ఔత్సాహిక సమాజాలలో మాత్రం మగవారే చీర కట్టేవారు. అందులో అపూర్వమైన ప్రతిభ చూపినవారూ ఉన్నారు. బాపట్ల వాస్తవ్యులు స్థానం నరసింహారావుగారు సత్యభామగా రంగం మీదికి వస్తే స్త్రీలే ఆశ్చర్యపోయేవారట. 1956లో భారత ప్రభుత్వం ఆయనను పద్మశ్రీతో సత్కరించింది. రాఘవ పట్టుదల ఆ ప్రతిభకు వ్యతిరేకమైనది కాదు. సంసార స్త్రీ రంగస్థలం ఎక్కడం అపచారం అనే భావానికి వ్యతిరేకమైనది. సాంఘిక నాటకంలో భార్య తన బాధను చెప్పుకొనేటప్పుడు ఆ గొంతు స్త్రీదే కావాలని ఆయన నమ్మారు. కొమ్మూరి పద్మావతీదేవి వంటి విద్యావతులను ప్రోత్సహించి తనతోపాటు వేదిక మీద నిలిపారు. ఆనాటి సమాజంలో వకీలు వృత్తికి మంచిపేరే పెట్టుబడి. ఆ పేరు పోగొట్టుకొనే ప్రమాదం తెలిసే ఆయన ఈ పనికి పూనుకొన్నారు. ఆయనతోపాటు రంగస్థలం ఎక్కిన స్త్రీలు ఎదుర్కొన్న నింద ఇంకా పెద్దదని వేరుగా చెప్పనక్కరలేదు.

వెండితెర మీద ఆయన కనిపించినది తక్కువ. 1936లో వచ్చిన 'ద్రౌపదీ మానసంరక్షణం'లో దుర్యోధనుడు. 1939లో గూడవల్లి రామబ్రహ్మంగారు తీసిన 'రైతుబిడ్డ'లో రైతు పాత్ర. 1940లో 'చండిక'. వీటిలో 'రైతుబిడ్డ' జమీందారీ వ్యవస్థను నేరుగా ప్రశ్నించిన చిత్రం. జమీందార్ల ఆగ్రహానికి, నిషేధానికి గురైంది. రంగస్థలం మీద చక్రవర్తులుగా, రాక్షసరాజులుగా గర్జించిన నటుడు దాదాపు అరవై ఏళ్ళ వయస్సులో, పేరూ హోదా ఉన్న రావుబహదూరై ఉండి, బాధపడే రైతుగా కెమెరా ముందు నిలబడటం విశేషం. 1946 ఏప్రిల్ 16వ తేదీన ఆయన కన్నుమూశారు. 1981లో తపాలా శాఖ ఆయన స్మారకంగా బిళ్ళ విడుదల చేసింది.

ఇక నా సొంత సంగతి ఒకటి చెప్పుకోక తప్పదు. సుమారు పాతికేళ్ళ క్రితం మన కాలనీలో ఉగాదికి ఒక సాంఘిక నాటిక వేశాం. అందులో నాది తండ్రి పాత్ర. మూడు వారాల రిహార్సళ్ళలో నేను వెళ్ళినది నాలుగు రోజులు. మిగతా రోజులలో ప్లాంటు షట్‌డౌన్ పని ఉన్నదని కబురు పంపాను. కొన్ని రోజులు నిజంగానే ఉన్నది. కొన్ని రోజులు లేదు. కూతురు పాత్ర వేసినది ఒక సహోద్యోగి భార్య. ఆమె పాఠశాలలో ఉపాధ్యాయిని. ఉదయం బడి, సాయంత్రం ఇంటి వంట, ఆ తరువాత రిహార్సలు. ఒక్క రోజు కూడా మానలేదు.

ప్రదర్శన నాడు రెండవ రంగంలో నా మాట మరచిపోయాను. తెర వెనుక ప్రాంప్టరు చెపుతున్నది వినిపించలేదు. హాలంతా నిశ్శబ్దం. అప్పుడు ఆమె, "నాన్నా, మీరు చెప్పబోయేది నాకు తెలుసు" అని అప్పటికప్పుడు కల్పించి, నేను చెప్పవలసిన మాటలు కూడా తానే చెప్పి కథను నడిపించింది. ప్రేక్షకులు గ్రహించలేదు. నాటిక అయిన తరువాత సిగ్గుపడుతూ క్షమాపణ చెప్పబోతే, "పోనీలెండి అన్నయ్యగారూ, మీకు ఆఫీసు పని ఎక్కువ కదా!" అన్నది. ఆమె మాటలో ఎత్తిపొడుపు ఏమీ లేదు. లేనందువల్లనే అది నాకు ఇన్నేళ్ళు గుర్తున్నది. ఆమెకు లేని తీరికను ఆమె సంపాదించుకొన్నది. నాకు ఉన్న తీరికను నేను దాచుకొన్నాను. ఆ తరువాత ఎవరైనా వేషం వేయమంటే పని ఒత్తిడి అని తప్పించుకొన్నాను.

రాఘవ జీవితం చదివినప్పుడు నాకు అన్నిటికంటె గుచ్చుకొన్నది ఇదే. కోర్టు వాయిదాలు మన షట్‌డౌన్ల కంటె తేలికైనవి కావు. ఒక మనిషికి ఉరిశిక్ష పడవచ్చు, తప్పవచ్చు. అంతటి బాధ్యత మోస్తూ కూడా ఆయన నాటకాన్ని కాలక్షేపంగా చూడలేదు. వృత్తికి ఎంత నిష్ఠ అవసరమో, ఇష్టమైన పనికీ అంత నిష్ఠ అవసరమని నమ్మారు. నమ్మారు కనుకనే చప్పట్లను వదులుకోగలిగారు, నిందను భరించగలిగారు. జీతం రాని పనిని ఎలా చేస్తామో దానిలోనే మన స్వభావం తెలుస్తుంది.

మన కాలనీలో ఉగాది వేడుకలు నేటికీ ఘనంగానే జరుగుతున్నాయి. పిల్లలు సినిమా పాటలకు చక్కగా నృత్యం చేస్తున్నారు, సంతోషమే. కాని నాటిక వేసి చాలా ఏళ్ళయింది. అడిగితే అందరమూ చెప్పే సమాధానం ఒక్కటే. తీరిక లేదు.

ఏప్రిల్ 16 కందుకూరివారి జయంతి. ఆంధ్రప్రదేశ్‌లో తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకొనే రోజు. అదే రాఘవ వర్ధంతి కూడా. ఆ రోజుకు మన కమ్యూనిటీ హాలులో ఒక గంట నాటిక వేద్దామని నా ప్రతిపాదన. ఉద్యోగులు, గృహిణులు, కళాశాల విద్యార్థులు ఎవరైనా సరే, సాంస్కృతిక సంఘం కార్యదర్శికి పేర్లు ఇవ్వగోరుతున్నాను. రిహార్సలు రోజూ రాత్రి 8 గంటలకు.

నా పేరు ఇప్పటికే ఇచ్చాను. ఏ పాత్ర ఇచ్చినా సరే. ఈసారి ప్రాంప్టరు అవసరం లేకుండా వస్తాను.