లెక్కల ముచ్చట్లు: ఇంటిపేరు ఎన్ని తరాలు?

మన సభ్యుల ఇళ్లలో పిల్లల్ని ఇంటిపేరు అడిగితే టక్కున చెప్పేవారున్నారు, "తాతగారినడిగి చెబుతానండీ" అనేవారూ ఉన్నారు. పిల్లల్ని అనవలసిన పనిలేదు. బర్మీయులకు ఇంటిపేరన్నదే లేదు కదా! ఊ, డా, కో, మా అని గౌరవానికి ముందొక మాట, తర్వాత సొంత పేరు, అంతే. బర్మా పేరు పెట్టుకున్న బిడ్డకు ఇంటిపేరు కలిపే చోటే ఉండదు.

అయితే, సొంత ఊరు కదలకపోయినా ఇంటిపేర్లు పోతూనే ఉంటాయి. 1873లో ఇంగ్లండులో గాల్టన్ అనే శాస్త్రవేత్త, పెద్ద పెద్ద వంశాల పేర్లు ఎందుకు మాయమవుతున్నాయో లెక్క కట్టమని పత్రికలో అడిగాడు. వాట్సన్ అనే ఫాదరీ జవాబు రాశాడు.

వారి పద్ధతిని పిల్లలు పండగ సెలవుల్లో ఆడి చూడవచ్చు. ఒక్కొక్క మగవాడికి నాణెం రెండుసార్లు ఎగరేయండి. ఎన్ని బొమ్మలు పడితే అంతమంది కొడుకులు. సగటున ఒక్కొక్కరికి ఒక్క కొడుకు. అంటే 100 ఇంటిపేర్లతో, పేరుకొక మనిషి చొప్పున, మొదలుపెడితే ప్రతి తరంలోనూ సుమారు 100 మంది ఉంటారు. కాని పేర్లో? మొదటి తరంలోనే 25 పోతాయి. రెండో తరానికి 39, మూడో తరానికి 48, నాలుగో తరానికి 55. చాలినన్ని తరాలు నడిస్తే అన్నీ పోవలసిందే. ఎవరి తప్పూ లేదు, ఒట్టి బొమ్మా బొరుసూ! సగటు ఒకటికి మించినా పేర్లన్నీ పోతాయన్నాడు వాట్సన్. అది పొరపాటు. ఒకటికి మించితే కొన్ని నిలుస్తాయి.

ఇక తండ్రి బదులు రోగినీ, కొడుకుల బదులు అతని నుంచి జబ్బు అంటినవారినీ పెట్టండి. అదే లెక్క. 2020లో కోవిడ్ రోజుల్లో డాక్టర్లు చెప్పిన 'ఆర్' అంకె ఈ సగటే. ఒకటికి లోపు ఉంచగలిగితే జబ్బు తనంతట తానే ఆరిపోతుంది. మన పేరు నిలవాలన్నా, జబ్బు పోవాలన్నా ఆ ఒకటే గీటు.

ఇలాంటి గీటునే మలేరియాలో చూపించినవాడు రొనాల్డ్ రాస్. బర్మాలోనూ ఉద్యోగం చేసిన ఈ డాక్టరు, 1897 ఆగస్టులో సికిందరాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. దోమలన్నిటినీ చంపనక్కరలేదనీ, ఒక హద్దుకు లోపు తగ్గిస్తే జ్వరం అంతరిస్తుందనీ తర్వాత లెక్కకట్టి చెప్పాడు.

రంగం వచ్చిన మనవాళ్ల కథ అంతా ఈ నాణెంలో ఇమడదు. 1942లో బాంబులకు భయపడి కాలినడకన బయలుదేరినవారు దారిలో కలరాకు, మలేరియాకు ఎందరో బలయ్యారు. అది బొమ్మాబొరుసు కాదు.

లెక్కలో ఇంకొక షరతుంది: పేరు కొడుకు ద్వారానే రావాలి. తెలుగు మాటకు ఆ షరతు లేదు. కూతుళ్లకు విడిగా మరో రెండుసార్లు నాణెం ఎగరేసి, వాళ్లనూ కలిపి చూడండి. సగటు రెండవుతుంది. అప్పుడు 100 ఇళ్లలో, ఎన్ని తరాలు గడిచినా, ఆరిపోయేవి సుమారు 9 మాత్రమే. ఇంట్లో తెలుగు మాట్లాడితే, బర్మా పేరుతో బడికెళ్లే మనవరాలు కూడా ఈ లెక్కలోకి వస్తుంది.