బ్యాక్టీరియా లోపలే కోట కట్టేస్తున్న వైరస్.. డీఎన్‌ఏను ఎలా కాపాడుకుంటోందంటే?

ఐసీయూలో వెంటిలేటర్‌పై ఉన్నవాళ్లకు, కాలిన గాయాలతో చేరిన పేషెంట్లకు పెద్ద ముప్పు సూడోమోనాస్ ఏరుజినోసా అనే బ్యాక్టీరియా. చాలా యాంటీబయోటిక్స్‌కు ఇది లొంగడం లేదు. అందుకే బ్యాక్టీరియాను చంపే వైరస్‌లపై, అంటే ఫేజ్‌లపై సైంటిస్టుల చూపు పడింది. కానీ ఇక్కడో చిక్కుంది.

ఫేజ్ తన డీఎన్‌ఏను బ్యాక్టీరియాలోకి పంపిస్తేనే దాడి మొదలవుతుంది. అంతవరకు బ్యాక్టీరియా చేతులు కట్టుకుని కూర్చోదు కదా! సొంత డీఎన్‌ఏకు ముందే గుర్తులు పెట్టుకుంటుంది. గుర్తు లేనిది కనిపిస్తే రెస్ట్రిక్షన్ ఎంజైమ్‌లనే కత్తెరలతో కోసేస్తుంది. ఇక క్రిస్పర్ అయితే పాత వైరస్ డీఎన్‌ఏ ముక్కను దాచుకుని, అదే వైరస్ మళ్లీ వస్తే పట్టేస్తుంది.

దీనికి టీ4 అనే ఫేజ్ వేషం మారుస్తుంది. తన డీఎన్‌ఏలోని సైటోసిన్‌ను మార్చేసి, దానికి గ్లూకోజ్ తగిలిస్తుంది. ఈ చక్కెర పూత ముందు చాలా కత్తెరలు పనిచేయవు.

సూడోమోనాస్‌పై దాడి చేసే 'ఫై కేజెడ్' అనే జంబో ఫేజ్ రూటే సెపరేటు. ఇది బ్యాక్టీరియా లోపల ప్రొటీన్‌తో ఓ గది కట్టి, డీఎన్‌ఏను అందులో పెట్టేస్తుంది. చూడ్డానికి మన కణాల్లోని కేంద్రకంలాగే ఉంటుంది. డీఎన్‌ఏ కాపీలు తయారయ్యేది లోపలే. కత్తెరలు మాత్రం బయటే ఆగిపోతాయి.

2020లో 'నేచర్' జర్నల్‌లో వచ్చిన పరిశోధన ఈ విషయాన్ని తేల్చింది. టెస్ట్ ట్యూబ్‌లో పెడితే ఇదే డీఎన్‌ఏను ఎంజైమ్‌లు కోసేశాయి. బ్యాక్టీరియా లోపల ఉన్నప్పుడు మాత్రం దాన్ని అందుకోలేకపోయాయి. ఎకోఆర్1 అనే కత్తెరను సైంటిస్టులు కావాలనే గదిలోకి చేర్చారు. అంతే.. వైరస్ పని అయిపోయింది! అంటే బలమంతా ఆ గోడదే అన్నమాట.

అయితే కోటకూ ఓ లోపం ఉంది. ప్రొటీన్ల తయారీ బయట జరుగుతుంది కాబట్టి వైరస్ ఆర్‌ఎన్‌ఏ గది దాటి రావాల్సిందే. ఆర్‌ఎన్‌ఏపై పనిచేసే క్యాస్13 అనే క్రిస్పర్ ఎంజైమ్ దాన్ని సరిగ్గా అక్కడే దెబ్బకొడుతోంది.

ఫేజ్ చికిత్సకు ఇది పనికొచ్చే కబురే. డీఎన్‌ఏను కోసే ఆయుధాలు ఎన్ని ఉన్నా తట్టుకునే ఫేజ్ దొరికితే డాక్టర్లకు అంతకంటే ఏం కావాలి? అలాగని రేపే మందు వచ్చేస్తుందని కాదు. ఫేజ్ అతుక్కునే చోటునే బ్యాక్టీరియా మార్చేసుకుంటే వైరస్ లోపలికే వెళ్లలేదు. అప్పుడు గది కట్టే అవకాశమే ఉండదు. వేర్వేరు చోట్ల అతుక్కునే ఫేజ్‌లను కలిపి 'కాక్‌టెయిల్'గా ఇవ్వడం అందుకే.