గుండు లేని సాధన

మన జిల్లాలలో తుపాకి అనే మాట వినగానే పెద్దల మనసులో మెదిలేది ఆట కాదు. జనగామ ప్రాంతపు కడవెండిలో 1946 జులై 4న దొడ్డి కొమురయ్య తుపాకి గుండుకు నేలకొరిగిన నాటినుండి, మహబూబాబాదు, భూపాలపల్లి అడవి పల్లెలు తరువాతి దశాబ్దాలలో చూచిన కాల్పుల వరకు, ఆ మాట మన ఊళ్లలో భయంతోను, దుఃఖంతోను ముడిపడి ఉన్నది. ఒక విద్యార్థి పిస్తోలు షూటింగు నేర్చుకొంటానని అన్నప్పుడు తల్లిదండ్రులు ఉలికిపడుట సహజమే. ఆ భయాన్ని మేము తేలికగా చూడడం లేదు. అయినను, పోటీ క్రీడగా పిస్తోలు షూటింగు చేతికి నిలకడను, మనసుకు అదుపును నేర్పు విద్య అనియు, అందులో అధికభాగాన్ని ఒక్క గుండు కూడ పేల్చకుండనే అభ్యసించవచ్చుననియు మా అభిప్రాయం.

ఒలింపిక్ క్రీడలలోని పది మీటర్ల ఎయిర్ పిస్తోలు పోటీని తీసుకొందాము. ఇందులో మందుగుండు ఉండదు. గాలి ఒత్తిడితో వెలువడే 4.5 మిల్లీమీటర్ల సీసపు గుండు మాత్రమే ఉంటుంది. నిలబడి, ఏ ఆధారమూ లేకుండ, ఒంటిచేత్తో 75 నిమిషాలలో 60 గుండ్లు కాల్చవలెను. పది పాయింట్లు లభించే నడిమి వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు, అనగా ఇంచుమించు చొక్కా గుండీ అంత. ఇరవై ఐదు మీటర్ల మహిళల పోటీలో రెండవ భాగం ఇంకను కఠినం. వాలుగా దించి ఉంచిన చేతిని, లక్ష్యం కనబడిన 3 సెకండ్లలో ఎత్తి, గురిచూచి, ఒకే ఒక గుండు కాల్చవలెను. ఇక 1976లో అమెరికాలోని కొలంబియా నగరంలో అంతర్జాతీయ సంఘంగా రూపొందిన ప్రాక్టికల్ షూటింగులో పోటీదారు కదులుతూ పలు లక్ష్యాలను కాల్చును. ఆ క్రీడ సైతం తన ఆదర్శాలుగా పెట్టుకొన్న మూడు గుణాలలో కచ్చితత్వాన్ని మొదట చెప్పి, వేగాన్ని చివర చెప్పినది. ఈ పోటీలన్నిటికి పునాది ఒక్కటే: నిలకడగల గురి, కుదుపు లేని వేలు.

ఈ పునాది గుండ్ల పెట్టెలు ఖాళీ చేసినంత మాత్రాన పడదు. ఉర్దూలో 'మష్క్' అనే మాట ఉన్నది. పిల్లలు తఖ్తీ మీద అక్షరాలు వ్రాసి, కడిగి, మరల వ్రాసే అభ్యాసానికి ఆ పేరు. తెలుగు పిల్లలు పలక మీద దిద్దుట వంటిదే అది. షూటర్లు చేసే గుండు లేని సాధన కూడ ఇటువంటిదే. ఖాళీ పిస్తోలుతో తెల్లని గోడకు ఎదురుగా నిలిచి, ముందు సైటు మీద చూపు నిలిపి, ట్రిగ్గరును మెల్లమెల్లగా నొక్కవలెను. నొక్కిన క్షణంలో సైటు కదిలినచో తప్పు వెంటనే కంటికి కనబడును. గుండు పేలినప్పుడు చప్పుడు, కుదుపు ఆ తప్పును కప్పివేయును. గోడమీద లక్ష్యం లేదు గనుక, తగిలినదా లేదా అనే ఆరాటము కూడ ఉండదు. మన కన్ను ఒకేసారి రెండు దూరాలను స్పష్టంగా చూడజాలదు. సైటు స్పష్టంగా ఉండి, లక్ష్యం మసకగా కనబడుటకు అలవాటు పడుట ఈ విద్యలో మొదటి మెట్టు. కొన్ని సెకండ్లలో వేలు పని ముగించకపోతే, చేయి వణకకముందే దించి మరల మొదలుపెట్టుట రెండవది. కాల్చకుండ చేయి దించగలుగుటకు ఎంతో నిగ్రహం కావలెను.

సాధన మహిమకు హంగరీ దేశస్థుడు కారోలీ టకాచ్ గొప్ప నిదర్శనం. సైన్యంలో పనిచేస్తూ 1938లో గ్రెనేడు పేలి ఆయన కుడిచేయి ఛిద్రమైనది. పిస్తోలు పట్టిన చేయి అదే. ఆయన ఎవరికీ చెప్పకుండ ఎడమచేతితో అభ్యాసం మొదలుపెట్టి, మరుసటి సంవత్సరమే తన దేశపు జాతీయ పోటీలో నెగ్గినాడు. తరువాత 1948 లండన్‌లోను, 1952 హెల్సింకీలోను ర్యాపిడ్ ఫైర్ పిస్తోలు పోటీలో స్వర్ణపతకాలు గెలుచుకొన్నాడు.

ఇది ధనికుల ఆట అనియు, హైదరాబాదు వారికే చెల్లుననియు కొందరి వాదన. అందులో కొంత నిజం లేకపోలేదు. హైదరాబాదుకు చెందిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యం సాధించినాడు. ఆ నగరపు బాలిక ఈషా సింగ్ 13 ఏళ్ల ప్రాయంలో, 2018లో జాతీయ సీనియర్ ఎయిర్ పిస్తోలు విజేతగా నిలిచి, 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో ఒక స్వర్ణం, మూడు రజతాలు గెలిచినది. వారికి రేంజి దగ్గరలో ఉన్నది. భూపాలపల్లి విద్యార్థికి అది రెండు వందల కిలోమీటర్ల దూరం. కాని గోడకు ఎదురుగా నిలుచుటకు జిల్లా పట్టణం అడ్డు కాదు. 2024 పారిస్‌లో టర్కీకి చెందిన యూసుఫ్ డికెచ్ 51 ఏళ్ల వయస్సులో, ఇతరులు ధరించే ప్రత్యేక కటకాలు లేకుండ, మామూలు కళ్లజోడుతోనే నిలిచి జట్టు రజతం అందుకొన్నాడు. ఏళ్ల తరబడి చేసిన అభ్యాసమే ఆయనకు పరికరమైనది.

అయితే జాగ్రత్త లేని సాధన సాధన కాదు. సింగరేణి గనిలోకి దిగే కార్మికుడు ముందుగా తన దీపాన్ని, టోపీని పరీక్షించుకొన్నట్లు, షూటరు పిస్తోలు ఖాళీగా ఉన్నదో లేదో ప్రతిసారి పరీక్షించవలెను. దాని మూతిని మనుష్యుల వైపు ఎన్నడును త్రిప్పరాదు. గురి కుదిరేవరకు వేలు ట్రిగ్గరుపై ఉంచరాదు. శిక్షకుడు లేని చోట పిస్తోలు పెట్టెలోనే ఉండవలెను. పెద్దల భయానికి మనమివ్వగల సమాధానం ఈ నియమపాలనయే.

కళాశాల కమిటీవారికి మా మనవి స్వల్పమైనది. పది మీటర్లకు మించిన పొడవుగల ఒక గది, గుండ్లను ఆపు దృఢమైన అడ్డు, నిబంధనల ప్రకారం కొన్న రెండు ఎయిర్ పిస్తోళ్లు, వాటికి తాళం వేసి కాపాడే వ్యాయామోపాధ్యాయుడు, అప్పుడప్పుడు వచ్చి దిద్దే శిక్షకుడు ఉంటే చాలును. విద్యార్థినులకు వేరుగా ఒక వేళ కేటాయించుట అవసరం. చేరిన వారికి తొలి మూడు మాసాలు గుండ్లు ఇవ్వరాదని కూడ మేమే కోరుచున్నాము. ఖర్చు తగ్గును, ప్రమాదం తగ్గును, తమాషాకు వచ్చినవారు తామే తప్పుకొందురు.

విద్యార్థినీ విద్యార్థులారా! గది వచ్చేవరకు మనం ఖాళీగా ఉండనక్కరలేదు. ఒంటికాలిపై నిలకడ, నిండు సీసా పట్టుకొని చాచిన చేయి, క్రమమైన ఊపిరి, ప్రతిదినం చేసినది వ్రాసుకొనే నోటు పుస్తకం, వీటికి ఎవరి అనుమతియు అక్కరలేదు. ఆ పుస్తకంలో పుటలు నిండిన విద్యార్థులు నలుగురు కమిటీ ముందు నిలిచిననాడు, మా మనవిని కాదనుట ఎవరికైనను కష్టమే.