బటన్లు బాగానే ఉన్నాయి, మరి అప్‌డేట్?

జూలూరుపాడులో ఉండే మా నాయనమ్మకి టచ్ ఫోన్ నచ్చదు. "నొక్కితే టక్కుమనాలిరా, అప్పుడే నొక్కినట్టు!" అంటుంది. మీ ఇంట్లోనూ ఇలాంటి పెద్దవాళ్లున్నారా? ఈ వారం ముచ్చట వాళ్ల ఫోన్ గురించే.

2018లో వచ్చిన జియోఫోన్ 2 గుర్తుందా? ధర 2,999 రూపాయలు. అడ్డంగా 2.4 అంగుళాల స్క్రీన్, కింద క్వెర్టీ కీబోర్డు, లోపల కై ఓఎస్. అంతకుముందు ఏడాది వచ్చిన మొదటి జియోఫోన్‌కి కూడా 2018లోనే యూట్యూబ్, వాట్సాప్ వచ్చాయి. ఫోన్ మార్చలేదు, సాఫ్ట్‌వేర్ మారిందంతే. బటన్ ఫోన్ కాస్తా వీడియోల ఫోన్ అయిపోయింది!

కానీ సాఫ్ట్‌వేర్‌తో వచ్చింది సాఫ్ట్‌వేర్‌తోనే పోతుంది. 2024 జూన్ 25 నుంచి కై ఓఎస్‌లో వాట్సాప్ కొత్త డౌన్‌లోడ్లు ఆగిపోయాయి. బటన్లు అరగకపోయినా, బ్యాటరీ బాగున్నా సపోర్ట్ ఆగితే యాప్ ఆగినట్టే. మా పనిలో ఇది మామూలే. చిన్న ఫోన్‌కి యాప్ విడిగా రాయాలి, విడిగా టెస్ట్ చేయాలి, సెక్యూరిటీ లోపాలు విడిగా సరిచేయాలి. వాడేవాళ్లు తగ్గితే ఆ ఖర్చు ఎవరూ పెట్టరు.

అందుకే కీప్యాడ్ ఫోన్ కొనేముందు డబ్బా మీద బొమ్మ చూసి మురిసిపోకండి. షాపులోనే యాప్ తెరిపించండి, వీడియో కాల్ చేసి చూడండి, అప్‌డేట్లు ఎన్నాళ్లు ఇస్తారో అడగండి. పాత ఫోన్‌కి అప్‌డేట్ వేసేముందు ఫుల్ ఛార్జింగ్ పెట్టి, ఫొటోలు కాపీ చేసుకోండి.

మునిమనవరాలి మొహం చూడాలనుకునే నాయనమ్మకి ఓఎస్ పేరుతో పనేముంది? అది చూసుకోవాల్సింది మనమే.